ఒడి పట్టు

ముందే చెప్తున్నాను. ఇది చదివి నన్ను భక్తురాళ్ళ లెక్కలో కలుపుకోవద్దు. దయ్యాలున్నాయని నాతో వాదనకు దిగి నెగ్గి వెళ్ళిన మనిషి నేను పుట్టిన ఆలేరులో లేరు, మెట్టిన జడ్చర్లలోనూ లేరు. నెగ్గకపోగా, మళ్ళీ మా ఇంటికి చాయ్‌కి కూడా రాలేదు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. సెలవు దొరికితే ఇంకో ఇద్దరు లెక్చరర్లతో కలిసి పల్లెటూరి బడులకు వెళ్ళి, బాబాలు చేసే మహిమలన్నీ పిల్లల ముందు చేసి చూపించేవాళ్ళం. నాకు ఇష్టమైనది పసుపు. తెల్లగుడ్డకు పసుపు రాసి ఆరబెట్టి, దాని మీద సున్నపు నీళ్ళో సబ్బు నీళ్ళో చల్లితే నెత్తురు కారినట్టు ఎర్రబడుతుంది. పిల్లలు గొల్లుమనేవాళ్ళు. వెంటనే నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపే. "అమ్మవారు పూనడమంటే ఇంతే" అనేదాన్ని. ఒక ఊళ్ళో సర్పంచి భర్త ఆ మాటకు నా మీదికి వచ్చాడు. అతని చేతిలో మిగిలిన నిమ్మచెక్క పెట్టి పంపించాను.

ఈ పసుపు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మా ఆయన మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు ఆయనకు ఐర్లాండ్‌లో అలాంటి పనే దొరికింది. ముందు ఆయన వెళ్ళి, ఇంకొందరితో కలిసి ఒక గదిలో ఉండి, కిరాయికి ఇల్లు కుదిరాక మమ్మల్ని రమ్మన్నాడు. బాబుకు అప్పుడు ఆరేళ్ళు. పాపకు మూడు నిండాయి. వాళ్ళిద్దరినీ తీసుకుని అంత దూరం నేనొక్కదాన్నే వెళ్ళాలి.

వెళ్ళే ముందు ఒడి బియ్యం పోస్తాం రమ్మని ఆలేరు నుంచి మా అన్న ఫోన్ చేశాడు. కోస్తా వైపు వాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నాను. మా దిక్కు పెళ్ళయిన ఆడపిల్లను కొన్నేళ్ళకోసారి పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు దోసిళ్ళతో ఒడిలో పోస్తారు. అందులోంచి కొన్ని పిడికిళ్ళు పుట్టింట్లో వదిలి, మిగతావి ఒడిలో కట్టుకుని గడప దాటాలి. తన ఇంటికి తీసుకెళ్ళి వండి, నలుగురికి పెట్టి, తానూ తినాలి. మా అమ్మ పోయినప్పటి నుంచి ఆ పని మా వదిన చేస్తోంది.

మా వదినకూ నాకూ పడదు. ఆమె పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. గొడవ అక్కడే మొదలైంది. ఆమె నోరు నా నోటికి ఏ మాత్రం తీసిపోదు. ఆమె గొంతు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. ఇదీ గుర్తుంచుకోండి.

ఆ రోజు పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. బాబు బయట మేకపిల్లతో ఆడుతున్నాడు. పాప పక్క గదిలో నిద్రపోతోంది. వదిన దోసిలి నింపుకుని, ఎప్పుడూ అనే మాటే అంది. "ఒడి పట్టు." నేను కొంగు రెండు చేతులతో పరిచి పట్టుకున్నాను. పెళ్ళయిన నాటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట చెవిన పడితే చాలు, బుర్రతో పనిలేకుండా చేతులే కొంగు పట్టేసుకుంటాయి. దేవుడున్నాడా లేడా అన్నదానితో ఆ చేతులకు సంబంధం లేదు.

బియ్యం పోస్తున్నంత సేపూ నేను విమానంలో పెట్టెల బరువు గురించే మాట్లాడాను. వదినకు కోపం వచ్చింది. చివరి దోసిలి పోసి నా కళ్ళలోకి చూసింది.

"నువ్వు నమ్ము, నమ్మకపో. నాకేం ఫికర్ లేదు. వండుకొని తిను, గంతే. ఖాళీ ఒడితోని మాత్రం దేశం దాటకు."

నేను నవ్వాను.

జడ్చర్ల వచ్చి పెట్టెలు తూచుకుంటే విమానంలో ఒప్పుకునే బరువు కంటే ఎక్కువ తూగాయి. పిల్లల చలికోట్లు తీయాలి, లేదంటే బియ్యం తీయాలి. బియ్యమే తీశాను. దీన్ని నేనేదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చదవద్దు. ఈ రోజు పెట్టె సర్దమన్నా కోట్లే పెడతాను. బియ్యం ఆ దేశంలోనూ దొరుకుతుంది.

పారేయడం ఇష్టం లేక కింద ఉండే ఓనరమ్మకు ఇవ్వబోయాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఒకరి ఒడిలో పోసిన బియ్యం ఇంకొకరు ముట్టుకుంటారా, చదువుకున్నదానివి ఆ మాత్రం తెలియదా అంది. సరేనని రవికె గుడ్డలో మూటకట్టి, ఖాళీ చేసిన ఇంట్లోనే వంటగది గూట్లో పెట్టేశాను. బియ్యమంటే పిండి పదార్థం. గూట్లో ఉన్నా అదే, ఒడిలో ఉన్నా అదే.

ఇక ప్రయాణం. షాద్‌నగర్ దాటకముందే మా టాక్సీ టైరు పగిలింది. చూస్తే గుండులా అరిగిపోయిన టైరు, పగలక ఏం చేస్తుంది. విమానం మారాల్సిన ఊళ్ళో దుమ్ము తుఫాను లేచి, మా రెండో విమానం ఎగరలేదు. ఎడారి దేశంలో దుమ్ము లేవడం వింతేమీ కాదు. అక్కడ కుర్చీల మధ్య నేల మీద పడుకోబెడితే బాబుకు జ్వరం వచ్చింది. ఏసీ కింద పడుకున్న పిల్లాడికి జ్వరం రావడమూ వింత కాదు. దిగాక చూస్తే మా పెట్టెల్లో ఒకటి రాలేదు. సరిగ్గా వంట సామాన్ల పెట్టె. కారం, పసుపు, పొడులు, పచ్చళ్ళు అన్నీ అందులోనే. అది ఈ రోజు వరకూ రాలేదు. పెట్టెలు పోతుంటాయి.

ఒక్కోటీ విడిగా చూస్తే అన్నిటికీ కారణం ఉంది. ఆ దారి పొడవునా నేను చేసిన పని అదే. ఒక్కోదాన్నీ విడిగా చూడటం.

ఆ ఇల్లు ఊరి చివర ఒక వరసలో ఉంది. కింద హాలు, వంటగది. పైన పడక గదులు. మేం అడుగుపెట్టిన రోజే గదులు వెచ్చచేసే యంత్రం ఆగిపోయింది. గోడలు చెమటపట్టినట్టు తడిగా ఉండేవి. ఎంత మూసినా ఏదో ఒక సందులోంచి గాలి వచ్చి పిల్లల మెడలు పట్టుకునేది. పైన పిల్లల గది కిటికీ గడియ సరిగా పడదు. ఇల్లు ఇప్పించినతనికి మా ఆయన రెండుసార్లు చెప్పాడు, అతను రెండుసార్లూ సరేనన్నాడు. ఆ ఇంటికి మేం రావడం ఇష్టం లేదని నాకనిపించేది. ఇళ్ళకు ఇష్టాయిష్టాలు ఉండవని నాకు నేనే పాఠం చెప్పుకునేదాన్ని.

పక్కింట్లో ఒక ముసలామె ఒక్కతే ఉండేది. పలకరిస్తే తల ఊపేది, అంతే. మిగతా సమయమంతా కర్టెన్ వెనకే. నేను బట్టలారేసినా, చెత్త వేసినా ఆ కర్టెన్ కదిలేది.

ఈలోగా వదిన ఫోన్. ఓనరమ్మ గూట్లో మూట చూసి, మాట కడుపులో దాచుకోలేక అన్నకు ఫోన్ చేసి చెప్పేసింది. వదిన గొంతులో మర్యాద లేదు.

"ఒడి బియ్యం గూట్ల పెట్టి పోయినవట గదా. అది పెట్టుకునే జాగానేనా?"

నేను కూడా ఊరుకోలేదు. టైరు నీ బియ్యం వల్ల పగిలిందా, పెట్టె నీ బియ్యం వల్ల పోయిందా అని అరిచాను. నిజానికి ఆమె ఆ మాటలు అననేలేదు. ఆమెకు టైరు సంగతి తెలియను కూడా తెలియదు. ఫోన్ పెట్టేశాక ఆ సంగతి తట్టి, నా మీద నాకే ఒళ్ళు మండింది.

జరిగింది ఆ తర్వాతి రోజు ఉదయం. మేం వచ్చి వారం కూడా కాలేదు.

మా ఆయన పనికి వెళ్ళాడు. ఎండ వచ్చింది, అది ఆ ఊళ్ళో పెద్ద విశేషం. బాబు కింద హాల్లో బొమ్మలేస్తున్నాడు. పాప పైన ఆడుకుంటోంది. జడ్చర్లలో కొని అంతవరకూ కట్టని లేత రంగు కాటన్ కుర్తా ఆ ఉదయమే మడత విప్పి వేసుకున్నాను. చెత్త సంచీ బయట డబ్బాలో వేయడానికి వెళ్తూ, గాలికి తలుపు కొట్టుకుంటుందని వెనక్కి లాగాను.

ఆ దేశపు తలుపులు లాగితే చాలు, తాళం పడిపోతాయి. మా ఆయన చెప్పాడు. నేను విన్నాను. కానీ ముప్పై ఏళ్ళు గొళ్ళెం పెట్టిన చెయ్యి ఒక్క వారంలో మారదు. తలుపు మూస్తే మూసినట్టు, తోస్తే తెరుచుకున్నట్టు. నా చేతికి తెలిసిన తలుపు అది. తాళంచెవి లోపల, ఫోన్ లోపల, పిల్లలు లోపల. నేను బయట.

బాబు లోపలి నుంచి ప్రయత్నించాడు. తలుపు పైభాగంలో ఉన్న తాళం పిడి వాడికి అందడం లేదు. కుర్చీ తెచ్చుకోమని చెప్తుంటే ఏడుపు మొదలుపెట్టాడు. నేను పరుగెత్తి పక్కింటి తలుపు కొట్టాను. కర్టెన్ కదిలింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాను, పిల్లలు లోపల ఉన్నారని ఇంగ్లీషులో అరిచాను. కర్టెన్ మూసుకుంది. అంత పగ నాకు ఎవరి మీదా కలగలేదు, మా వదిన మీద కూడా.

వెనక్కి తిరిగి చూస్తే పైన కిటికీ తెరుచుకుని ఉంది. పాప అందులో నిలబడి ఉంది. నిలబడింది గదిలో కాదు, కిటికీ గట్టు మీద.

కింద అంతా రాతి పలకలు.

లోపలికి పొమ్మని అరిచాను. పాప నా వైపు చూడలేదు. ఇక్కడి నుంచి నా జ్ఞాపకం ఎలా ఉందో అలాగే రాస్తాను, ఒక్క ముక్క కూడా కలపను. నేను రెండు ఇళ్ళ మధ్య ఉన్న పొదల గోడ దగ్గర ఉన్నాను. వీధిలో ఎవరైనా కనిపిస్తారేమోనని తల తిప్పాను. అప్పుడు నా వెనక, చెవి పక్కనే, ఒక ఆడగొంతు.

"ఒడి పట్టు."

మెల్లగా కాదు. దయగా అసలే కాదు. ఎన్నిసార్లు చెప్పినా వినని దాన్ని కసిరినట్టు. మా వదిన గొంతు కాదు. మా అమ్మ గొంతు కూడా కాదు. ఇది విన్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకుని, మీ అమ్మే అయ్యుంటుంది అంటారు. మా అమ్మ గొంతు నాకు తెలుసు. మా అమ్మ నన్ను ఒక్కనాడూ అలా కసరలేదు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

చేతులు వాటంతట అవే కుర్తా ముందు అంచు రెండు కొసలూ పట్టుకుని చాపాయి. అంతే. ఒళ్ళో బరువు పడింది. కుర్తా చంకల దాకా చిరిగింది. ఇద్దరం రాళ్ళ మీద పడ్డాం. నా ఎడమ మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. పాప నా పొట్ట మీద ఉంది. ఏడవలేదు. ఒంటి మీద గీత కూడా లేదు. ఎదురింటాయన పరుగెత్తుకొచ్చి ఆంబులెన్సును పిలిచాడు, మా ఆయనకు ఫోన్ చేశాడు.

పొదల గోడ దగ్గర ఉన్నదాన్ని కిటికీ కిందికి ఎప్పుడు వచ్చానో నాకు గుర్తు లేదు. పరుగెత్తి ఉంటాను. భయంలో మనిషికి మధ్యలో జరిగింది గుర్తుండకపోవచ్చు. ఆ గొంతు కూడా అంతే, ముందురోజు వదినతో పోట్లాడాను కాబట్టి ఆ మాట బుర్రలో తిరుగుతూ ఉండి ఉంటుంది. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఇవన్నీ నేనే అనుకున్నాను, ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నీ సరిపోయాయి. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

మర్నాడు ఇంటికి వచ్చాక మా ఆయన నా చిరిగిన కుర్తా ఉతకడానికి తీసుకున్నాడు. నా చేతికి కట్టు ఉంది కదా. కాసేపటికి దాన్ని నీళ్ళు కారుతుండగానే పట్టుకుని వచ్చాడు. ఎంత నెత్తురు పోయిందో డాక్టరుకు చెప్పావా అన్నాడు.

కుర్తా ముందు భాగమంతా, సరిగ్గా ఒడి పట్టే చోట, ఎర్రగా ఉంది.

నాకు ఎక్కడా గాయం లేదు. పాపకూ లేదు. సబ్బు రాయకముందు ఆ మరక ఎలా ఉందని అడిగాను. లేత పసుపుగా ఉందట, రాళ్ళ మీది నాచు అనుకున్నాడట.

ఫ్రిజ్‌లో నిమ్మకాయ ఉంటే తెమ్మన్నాను. మంచం మీదే కూర్చుని, కుడిచేత్తో ఆ ఎరుపు మీద పిండాను. మా ఆయనా కెమిస్టే. ఏం జరగబోతుందో ఇద్దరికీ తెలుసు. జరగకూడదని ఇద్దరం చూస్తున్నాం. నిమ్మరసం పడినంత మేరా ఎరుపు విరిగి పసుపైంది.

బళ్ళలో పిల్లల ముందు ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. చేసిన ప్రతిసారీ ఇంతే కదా అన్నాను. ఆ రోజు అనలేకపోయాను. ఇంట్లో పసుపు లేదు. పసుపున్న పెట్టె రానేలేదు. మేం వచ్చినప్పటి నుంచి రొట్టె, పాలు, గుడ్లు, ఉప్పేసిన అన్నం తింటున్నాం. మా ఆయన అంతకు ముందు ఆ ఇంట్లో పొయ్యే వెలిగించలేదు. ఒడి బియ్యం నాడు నేను కట్టింది పట్టుచీర. ఆ కుర్తా ఆ ఉదయమే మడత విప్పింది.

ఎక్కడో అంటుకుని ఉంటుందిలే అన్నాడు ఆయన. ఎక్కడ అని అడిగాను. మా పెళ్ళయ్యాక నేను నమ్మేవాళ్ళ వైపు నుంచి వాదించడం అదే మొదటిసారి. ఆయన కుర్తా తీసుకుని చెత్తబుట్ట వైపు నడిచాడు. నేను పారేయనివ్వలేదు. ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ తర్వాత ఇద్దరు అధికారులు ఇంటికి వచ్చారు. పిల్లల సంరక్షణ చూసే శాఖవాళ్ళు. పక్కింటామె ఫిర్యాదు చేసింది. నా పిల్లను నేనే కిటికీలోంచి దూకమన్నానని.

ఆ దేశంలో పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకెళ్ళే అధికారం ఉందని అప్పటికే విని ఉన్నాను. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఆమె చెప్పింది నాకు చదివి వినిపించారు. నేను తలుపు కొట్టి వెళ్ళిపోయాక ఆమె కర్టెన్ పక్క నుంచి చూస్తూనే ఉందట. నేను నేరుగా వెళ్ళి కిటికీ కింద నిలబడి, బట్ట రెండు చేతులతో పరిచి పట్టుకుని, కదలకుండా తలెత్తి చూస్తూ నిలబడ్డానట. చాలాసేపు. అప్పటికి కిటికీలో ఎవరూ లేరట. కిటికీ ఇంకా మూసే ఉందట. తర్వాతే అది తెరుచుకుని, పిల్ల పైకెక్కిందట.

అబద్ధం అన్నాను. ఎదురింటాయన కూడా చివర్లో నన్ను అక్కడే, అలాగే చూశాడని చెప్పారు. నేను మా ఒడి బియ్యం గురించి వాళ్ళకు చెప్పలేదు. చెప్తే పిల్లలతో పాటు నన్నూ తీసుకెళ్ళేవాళ్ళు. పాడైన గడియ చూపించాను. మా ఆయన రెండుసార్లు ఫిర్యాదు చేశాడని చెప్పాను. వాళ్ళు గడియ కదిపి చూసి, విరిగిన నా చెయ్యి చూసి, తప్పంతా ఇల్లు ఇచ్చినవాళ్ళదే అన్నట్టు తలలూపి వెళ్ళిపోయారు. ఇంకో రెండుసార్లు వచ్చి పిల్లల్ని చూసి పోయారు. వచ్చిన ప్రతిసారీ వాళ్ళు గేటు దాటేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు.

పాపను ఆ సంగతి అడగొద్దని వాళ్ళే చెప్పారు, పిల్ల మనసులో భయం ఉండిపోతుందని. కొన్నాళ్ళు ఆగాను. ఆగడం నా స్వభావం కాదు. ఒక సాయంత్రం అన్నం తినిపిస్తూ మామూలుగా అడిగాను, కిటికీ ఎందుకెక్కావని.

"అవ్వ దుంకుమన్నది" అంది నోట్లో ముద్దతోనే.

ఏ అవ్వ అన్నాను. మా అమ్మా, మా అత్తా ఇద్దరూ ఈ పిల్ల పుట్టకముందే పోయారు.

"నీ ఎన్కల్నే ఉన్నది గదా. నువ్వు ఒడి పట్టినవ్. దుంకు, ఏం కాదు అన్నది."

ఒడి అన్న మాట ఆ పిల్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. బియ్యం పోసినప్పుడు నిద్రపోతోంది. ఇంట్లో మేం ఆ మాట వాడం. వదినతో నేను ఫోన్‌లో అరిచినప్పుడు విని ఉంటుందా? ఉండొచ్చు. నాకు దొరికిన చివరి కొమ్మ అదే. దాన్నే పట్టుకున్నాను. కానీ వదినతో నేను అన్నది బియ్యమని. ఒడి అని నేను అనలేదు. అన్నది వదిన, ఫోన్‌కు అవతలి నుంచి.

ఎవరితోనూ చెప్పుకోలేక చివరికి నేనే వదినకు ఫోన్ చేశాను. కుర్తా, నిమ్మకాయ, పక్కింటామె, అన్నీ చెప్పాను. ఆమె అబ్బురపడుతుందని, చూశావా అని గెలిచినట్టు మాట్లాడుతుందని కాచుకుని ఉన్నాను. ఆమె వంటింట్లో లెక్క సరిచూసినట్టు, మామూలుగా అంది.

"ఖాళీ ఒడితోని పోయినవ్. నింపింది."

"నింపనీకె నా బిడ్డనే దొరికిందా?" అన్నాను. నాకు తెలియకుండానే ఆలేరు మాట వచ్చేసింది.

"గా మాట నన్నడుగుతవేంది" అని ఫోన్ పెట్టేసింది.

గూట్లో ఉన్న మూటను అన్న బస్సులో జడ్చర్ల వెళ్ళి తెచ్చాడట. వదిన దాన్ని విప్పి, మంచి బియ్యం ఏరి, నా పేరున వండి వాడకట్టులో ఇరుగుపొరుగుకు పెట్టింది. ఆ సంగతి నాకు ఆమె చెప్పలేదు, అన్న చెప్పాడు. నేను కృతజ్ఞతలు చెప్పలేదు. ఆమె అడగలేదు.

తర్వాత వచ్చిన సెలవుల్లో యాదగిరిగుట్టకు వెళ్ళాం. పెళ్ళయ్యాక నేను కొండెక్కడం అదే మొదలు. మా ఆయన దండం పెట్టుకుంటున్నాడు. నేను చేతులు జోడించకుండా చూస్తూ నిలబడ్డాను. లక్ష్మమ్మను ఒడిలో కూర్చోబెట్టుకున్నది ఈ దేవుడే. అదే ఒడిలో రాక్షసుణ్ణి పడుకోబెట్టి పేగులు తీసిందీ ఈ దేవుడే. చిన్నప్పటి నుంచి చూస్తున్న బొమ్మలే రెండూ. ఒడి ఒక్కటేనని నాకు అప్పుడే తట్టింది. వెనకవాళ్ళు తోస్తున్నా కదలకుండా నిలబడి, నువ్వు కాపాడావా, తోశావా అని అడిగాను. పైకే అడిగాను. క్యూ లైను నడిపే మనిషి కదలమ్మా కదులు అన్నాడు. జవాబు అంతే.

విశ్వాసం దొరికాక మనశ్శాంతి దొరుకుతుందని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. నాకు రెండోది దొరకలేదు. మొదటిది మాత్రం దొరికింది, కాదనను. అక్కడ ఒకరు ఉన్నారు. నా వెనకే, ఊపిరి తగిలేంత దగ్గరగా. ఉన్నారని నమ్ముతాను. మంచివాళ్ళని నమ్మను. చిటికెడు పసుపు లేని ఇంట్లో నా కుర్తాకు పసుపు ఎలా అంటిందో, మూసిన కిటికీ కింద నేను ఎవరి కోసం ఒడి పట్టి నిలబడ్డానో, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా దగ్గర కారణం లేదు. కారణం ఉన్నవాళ్ళు చెప్పొచ్చు, వాదనకు నేనెప్పుడూ సిద్ధమే.

ఇప్పుడు పిలిచిన ప్రతిసారీ ఆలేరు వెళ్తాను. పీట మీద కూర్చుంటాను. పుట్టింట్లో వదలాల్సిన పిడికిళ్ళు పోను, మిగతా బియ్యం ఒక్క గింజ కూడా వదలకుండా వెంట తెచ్చుకుని, పిల్లల కోట్లు చేతుల మీద మోసుకుని వస్తాను. వదిన లోలోపల నవ్వుకుంటుంది, నాకు తెలుసు. ఆమె "ఒడి పట్టు" అన్నప్పుడల్లా ఆ గొంతుతో పోల్చి చూస్తాను. కాదు. ఎప్పుడూ కాదు.

మా పాప ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. ఆ పడిన సంగతి తనకు ఏమీ గుర్తు లేదంటుంది. ఎక్కాల నుంచి రాజకీయాల దాకా అన్నిట్లో నాతో వాదిస్తుంది. కానీ పోయినసారి వదిన దోసిలి నింపుకుని ఆ మాట అనగానే, పక్కన కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. వదిన వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. నా వెనక, గోడకూ నాకూ మధ్య ఉన్న ఖాళీ జాగా వైపు ఒకసారి చూసి, బయటికి వెళ్ళిపోయింది.

ఎవరినైనా ఏదైనా నిలదీసి అడిగేదాన్ని. ఏం చూశావని దాన్ని మాత్రం ఇంతవరకూ అడగలేదు.